చిన్న కార్యాలయానికి సైబర్ భద్రత: ఏ ఆటోమేషన్ ముందు, ఏది తరువాత?

విశాఖపట్నంలో ఓడరేవును ఆనుకుని పనిచేసే కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయాన్ని తీసుకున్నా, మహారాణిపేటలోని డయాగ్నస్టిక్ సెంటర్‌ను తీసుకున్నా, ద్వారకానగర్‌లోని కోచింగ్ సంస్థను తీసుకున్నా, కంప్యూటర్ల బాగోగులు చూసే మనిషి సాధారణంగా ఒక్కరే ఉంటారు. ప్రింటర్ మొరాయించినా, సీసీ కెమెరా ఆగిపోయినా, జీఎస్టీ రిటర్న్ దాఖలు చేసే రోజున బ్రౌజర్ తెరుచుకోకపోయినా పిలుపు వెళ్లేది ఆ ఒక్కరికే. కొన్నిచోట్ల ఆ ఒక్కరు కూడా ఉండరు. అకౌంటెంటే ఆ బాధ్యతనూ మోస్తుంటారు. ఇలాంటి చోట భద్రతా పనులను యంత్రానికి అప్పగించుకోవడం తప్పనిసరి అవసరమే గానీ, మార్కెట్లో ఆటోమేషన్ పేరుతో దొరికేవన్నీ ఒకే రకం పని చేయవు. కొన్ని నిజంగా పని తగ్గిస్తాయి. కొన్ని ఇంతకుముందు లేని కొత్త పనిని తెచ్చి నెత్తిన పెడతాయి. ఈ రెంటి తేడా తెలియకుండా కొన్న సాఫ్ట్‌వేర్, మూడో నెల నుంచి ఎవరూ తెరిచి చూడని తెరగా మిగిలిపోతుంది.

దాడి చేసేవారి వైపు పని చాలాకాలంగా యంత్రాలే చేస్తున్నాయి. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు దారి అయిన పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినది ఎక్కడ కనిపిస్తుందా అని ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతూనే ఉంటాయి. అది గాజువాక ఆటోనగర్‌లోని వర్క్‌షాపుదా, పెద్ద బ్యాంకుదా అన్నది వాటికి పట్టదు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విడుదల చేసింది. రెండు నెలల గడువు దొరికినా వేలాది సంస్థలలో ఆ ప్యాచ్ పడలేదు. మందు ఉన్నా వేసే మనిషికి తీరిక లేకపోవడమే చిన్న సంస్థల అసలు సమస్య, కాబట్టి కింద చెప్పే అయిదు దారులలో దేన్నైనా కొలవవలసింది ముందుగా ఆ తీరిక లెక్కతోనే.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ ఏర్పాటు వారానికి ఎన్ని గంటల మనిషి శ్రమ అడుగుతుందన్నది. ధరల పట్టికలో ఈ సంఖ్య ఎక్కడా కనిపించదు. ప్యాచ్‌లు వేయడం, బ్యాకప్ తీయడం, పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన చిరునామాను అడ్డుకోవడం వంటి పనులలో నిర్ణయం తీసుకోవలసిన అవసరం దాదాపు ఉండదు. ఒకసారి సరిగ్గా అమర్చితే మనిషి ప్రమేయం లేకుండా సాగిపోతాయి. అనుమానాస్పద కదలికలను గుర్తించి అలర్ట్ పంపే ఏర్పాటు అలాంటిది కాదు. ప్రతి అలర్ట్‌నూ ఎవరో ఒకరు చదవాలి, ఈ లాగిన్ మన ఆడిటర్ చేసినదా, బయటివాడు చేసినదా అని తేల్చాలి. రోజుకు నలభై అలర్టులు వచ్చి అందులో ముప్పై తొమ్మిది ఉత్తవే అయితే, నలభయ్యోది కూడా వాటితో పాటే తొలగిపోతుంది. అందువల్ల చదివే మనిషి దొరికేవరకు గుర్తింపు సాధనాల మీద ఖర్చు పెట్టవద్దని, ఆ డబ్బును నివారణకూ బ్యాకప్‌కూ మళ్లించాలని గట్టిగా చెబుతాను.

రెండోది, యంత్రం పొరబడితే ఆ పనిని ఎంత తొందరగా వెనక్కి తీసుకోగలమన్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. కాపాడడానికి పెట్టుకున్న సాధనమే ఆటోమేటిక్‌గా అందరినీ ఒకేసారి పడగొట్టింది. దీన్ని చూసి అప్‌డేట్లను ఆపేయడం తప్పు. అందరికీ ఒకేసారి పడకుండా విడతలుగా పడేలా చూసుకోవడం ఒప్పు.

మూడోది చట్టం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, జాబితాలో ఉన్న సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల లోపు తెలియజేయాలి, కంప్యూటర్లలో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి, కంప్యూటర్ల గడియారాలను ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లతో సరిచూసుకోవాలి. చిన్న సంస్థలకు వీటి అమలు గడువును 2022 సెప్టెంబరు 25 వరకు పొడిగించారే తప్ప మినహాయింపు ఇవ్వలేదు. దీనికి తోడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. 2025 నవంబరులో వెలువడిన నియమాలు దశలవారీగా అమలులోకి వచ్చేలా రూపొందాయి. వ్యక్తిగత డేటాను ఎవరు తాకారో చెప్పే లాగ్‌లను ఏడాది పాటు ఉంచాలని అవి అంటున్నాయి. రోగుల రిపోర్టులు గానీ, విద్యార్థుల ఆధార్ నకళ్లు గానీ దాచుకునే సంస్థలు ఈ ఒక ఏడాది గడువును మొదటి నుంచే మనసులో పెట్టుకోవాలి.

నాలుగోది మన ఊరికి ప్రత్యేకంగా వర్తించేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. నెట్ లేనప్పుడు క్లౌడ్ మీదే ఆధారపడిన రక్షణ ఏం చేస్తుంది, కార్యాలయంలోనే ఉన్న సర్వర్ నీట మునిగితే దాని బ్యాకప్ ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్నలు తుఫాను తీరంలో ఉన్నవారు తప్పక వేసుకోవలసినవి.

ఖర్చు సంగతి అందరూ ఎలాగూ చూస్తారు.

## ఏ దారి పట్టినా ముందుగా బ్యాకప్

దీన్ని ఎంపికలలో ఒకటిగా లెక్కపెట్టడం లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రిలో దాదాపు రెండు వారాలు రిజిస్ట్రేషన్లు, బిల్లులు కాగితాల మీద సాగాయి. చిన్న సంస్థకు రెండు వారాలు ఆగే ఓపిక ఉండదు.

మన కార్యాలయాలలో తరచుగా కనిపించే అమరిక ఎలా ఉంటుందో చూడండి. టాలీ డేటా ఉన్న ఫోల్డర్ సర్వర్ డీ డ్రైవులో ఉంటుంది. దాన్ని షేర్ చేసి ప్రతి కంప్యూటర్‌లోనూ జెడ్ డ్రైవుగా కలుపుతారు, అందరికీ పూర్తి హక్కులు ఇస్తారు. బ్యాకప్ కోసం అదే సర్వర్‌కు ఒక బయటి హార్డ్ డిస్కు ఎప్పుడూ తగిలించి ఉంటుంది. ఎవరో ఒకరు ఇన్‌వాయిస్ అనుకుని ఒక అటాచ్‌మెంట్ తెరిస్తే, రాన్సమ్‌వేర్ ఆ కంప్యూటర్‌తో ఆగకుండా జెడ్ డ్రైవులోని ఫైళ్లనూ తాళం వేస్తుంది. సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా చిక్కితే బయటి డిస్కు కూడా పోతుంది. రోజూ రాత్రి పదింటికి బ్యాకప్ నడుస్తోందన్న ధీమా ఆ పూట ఏ పనికీ రాదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరికి దూరంగా అన్న పాత సూత్రం ఇప్పటికీ సరైనదే. దానికి రెండు షరతులు చేర్చాలి. బ్యాకప్ తీసే యంత్రమే సర్వర్ దగ్గరికి వెళ్లి డేటాను లాక్కునేలా అమర్చాలి. సర్వర్‌కు బ్యాకప్ యంత్రం పాస్‌వర్డ్ తెలియకూడదు. క్లౌడ్‌లో ఉంచే నకలుకు, నిర్ణీత గడువు వరకు ఎవరూ చెరపలేని ఆబ్జెక్ట్ లాక్ వంటి సదుపాయం పెట్టాలి. రెస్టిక్ అనే ఉచిత సాధనంతోనో, పది వర్క్‌లోడ్ల (బ్యాకప్ తీయవలసిన యంత్రాల) వరకు ఉచితంగా లభించే వీమ్ కమ్యూనిటీ ఎడిషన్‌తోనో ఇదంతా చేయవచ్చు. ఊరికి దూరంగా అంటే సిరిపురం కార్యాలయం నకలును ఎంవీపీ కాలనీలోని యజమాని ఇంట్లో పెట్టడం సరిపోదు, తుఫాను రెండింటినీ ఒకేసారి తాకుతుంది. హైదరాబాదు లేదా ముంబై క్లౌడ్ కేంద్రాన్ని ఎంచుకోండి.

బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో పరీక్షించడాన్ని కూడా యంత్రానికే అప్పగించండి. వారానికోసారి నిన్నటి నకలు నుంచి ఒక ఫోల్డర్‌ను వేరేచోటికి తెచ్చి, ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోయాయో లేదో చూసి, సరిపోకపోతేనే కాకుండా సరిపోయినా ఒక వరుస సందేశం పంపాలి. సందేశం రాని వారం ఏదో ఆగిపోయిందని అర్థమవుతుంది.

## మొదటి దారి: ఇప్పటికే చేతిలో ఉన్నవి

విండోస్ అప్‌డేట్, విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్, గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ఖాతాలకు రెండంచెల ధృవీకరణను తప్పనిసరి చేసే అడ్మిన్ అమరిక, రౌటర్‌లో అనవసర పోర్టులను మూయడం. వీటికి అదనపు ఖర్చు లేదు. పదిహేను కంప్యూటర్ల లోపు ఉన్న కార్యాలయం ఇవన్నీ పూర్తిచేయకుండా మరో సాధనం గురించి ఆలోచించడం తొందరపాటు అవుతుంది.

అప్‌డేట్ల విషయంలో విండోస్ ప్రో ఎడిషన్ ఉంటే నెలవారీ భద్రతా అప్‌డేట్లను 30 రోజుల వరకు వాయిదా వేసే వీలు గ్రూప్ పాలసీ అనే అమరికలలో ఉంది. రెండు కంప్యూటర్లకు వెంటనే, మిగిలినవాటికి అయిదు రోజుల తరువాత పడేలా అమర్చితే, ఏదైనా అప్‌డేట్ చెడ్డదైతే ఆ రెండింటిలోనే బయటపడుతుంది. హోమ్ ఎడిషన్‌లో ఈ వీలు లేదు. ధర తక్కువని హోమ్ ఎడిషన్ ల్యాప్‌టాప్‌లు కొనే అలవాటు మన దగ్గర ఎక్కువ. కొత్తవి కొనేటప్పుడు ఈ ఒక్క కారణంతోనైనా ప్రో తీసుకోవడం మంచిది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.

డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే రక్షణ ఉంది. మనం చెప్పిన ఫోల్డర్లలో నమ్మకమైన ప్రోగ్రాములు తప్ప మరేవీ రాయకుండా ఇది అడ్డుకుంటుంది. మనం మార్చనంతవరకు ఇది ఆఫ్‌లో ఉంటుంది. నేరుగా ఆన్ చేస్తే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే అడ్డుకుని, నెలాఖరున ఓచర్ సేవ్ కాక గొడవ జరగవచ్చు. అప్పుడు ఎవరో దాన్ని ఆపేస్తారు, మళ్లీ ఎవరూ ఆన్ చేయరు. అందువల్ల మొదట ఆడిట్ పద్ధతిలో రెండు మూడు వారాలు నడపండి. ఆ కాలంలో ఏదీ ఆగదు, ఏ ప్రోగ్రామును ఆపి ఉండేదో మాత్రం ఈవెంట్ లాగ్‌లో 1124 సంఖ్యతో నమోదవుతుంది. ఆ జాబితా నుంచి మీకు కావలసిన ప్రోగ్రాములను అనుమతించి, తరువాత ఆన్ చేయండి. ఆ తరువాత నిజంగా అడ్డుకున్నవి 1123గా కనిపిస్తాయి. ఏ ఆటోమేటిక్ అడ్డుకట్టకైనా ఈ క్రమమే పాటించదగినది.

ఈ దారిలోని లోటు ఏమిటంటే, అన్ని కంప్యూటర్ల పరిస్థితిని ఒకేచోట చూపే తెర ఉండదు. ఏ యంత్రంలో అప్‌డేట్ ఆగిపోయిందో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. 180 రోజుల లాగ్‌లు కూడా వాటంతట అవి నిలవవు. విండోస్ సెక్యూరిటీ లాగ్ నిండగానే పాతవాటిని చెరిపేస్తుంది.

## రెండో దారి: చందా కట్టే ఎండ్‌పాయింట్ సేవ

ఎండ్‌పాయింట్ అంటే ఉద్యోగులు వాడే ఒక్కో కంప్యూటర్. ప్రతి కంప్యూటర్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామును పెట్టి, క్లౌడ్‌లోని ఒకే తెర నుంచి అన్నిటినీ నడిపే సేవలివి. 300 మంది వాడుకరుల వరకు ఉన్న సంస్థల కోసం ఉద్దేశించిన మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ బిజినెస్ ఒకటి. పుణె కేంద్రంగా ఉన్న క్విక్ హీల్ వారి సెక్రైట్ మరొకటి. అనుమానం తగలగానే ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరుచేయడం, హానికర ఫైలును పక్కన పెట్టడం వంటి పనులను ఇవి తమంతట తామే చేయగలవు. సరఫరాదారు ఇంజనీర్లు నియమాలను నవీకరిస్తూ ఉంటారు కాబట్టి మీ మనిషికి వారానికి ఒకటి రెండు గంటల పని సరిపోతుంది. పదిహేను నుంచి వంద కంప్యూటర్లు, ఒకే ఐటీ మనిషి ఉన్న సంస్థలలో ఎక్కువ వాటికి నేను సూచించేది ఈ దారినే.

ఇందులో ఇచ్చిపుచ్చుకోవలసినవి ఉన్నాయి. చందా ప్రతి మనిషికీ, ప్రతి నెలా పడుతుంది. ఆపిన రోజున రక్షణా ఆగుతుంది. ఆటోమేటిక్‌గా వేరుచేసే అధికారాన్ని అన్ని యంత్రాలకూ ఒకే తీరుగా ఇవ్వడం కూడా మంచిది కాదు. గుమాస్తా ల్యాప్‌టాప్ పొరపాటున గంటసేపు నెట్‌వర్క్ నుంచి విడిపోతే నష్టం స్వల్పం. కస్టమ్స్ శాఖ పోర్టల్ ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు దాఖలు చేసే కంప్యూటర్ నౌక బయలుదేరే ముందు విడిపోతే సరుకు వెనకబడుతుంది. మామూలు యంత్రాలకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చి, ఇలాంటి కొద్ది యంత్రాలకు మాత్రం ఫోన్‌కు సందేశం వచ్చి మనిషి ఒప్పుకున్న తరువాతే వేరుచేసేలా రెండు గుంపులుగా విడదీయండి.

## మూడో దారి: వాజూ వంటి ఓపెన్ సోర్స్ సాధనాలు

ఉచితం అనగానే చాలామంది దృష్టి దీనిమీద పడుతుంది. వాజూ నిజంగానే శక్తివంతమైన సాధనం: లాగ్‌లను ఒకచోటికి చేరుస్తుంది, ముఖ్యమైన ఫైళ్లు మారితే చెబుతుంది, పాత సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను జాబితా వేస్తుంది, కోరితే దాడి చేస్తున్న చిరునామాను అడ్డుకుంటుంది. వారి అధికారిక సూచనల ప్రకారం 25 కంప్యూటర్లకు 90 రోజుల సమాచారం ఉంచడానికి నాలుగు వర్చువల్ ప్రాసెసర్లు, 8 జీబీ మెమరీ, 50 జీబీ డిస్కు ఉన్న ఒక యంత్రం చాలు. 180 రోజులకు డిస్కును దాదాపు రెట్టింపు చేసుకోవాలి. లాగ్‌ల నిలవ అనే ఒక్క అవసరానికైతే ఇంతకన్నా చవకైన మార్గం దొరకదు.

అమర్చడం ఒక రోజు పని. దాన్ని మీ కార్యాలయానికి తగినట్టు దిద్దుకోవడం నెలల పని. ఒక ఉదాహరణ చెబుతాను. వాజూ ప్రతి సంఘటనకూ ఒక స్థాయి సంఖ్య ఇస్తుంది. మూడో స్థాయి నుంచి పైవన్నీ తెరమీద అలర్టులుగా నమోదవుతాయి. ఈమెయిల్ మాత్రం మనం ఆన్ చేసినా, మొదట ఉన్న అమరికను మార్చకపోతే పన్నెండో స్థాయి నుంచే వస్తుంది. పాస్‌వర్డ్‌ను పదేపదే ఊహించి కొట్టే దాడిని పట్టే నియమాలు ఎక్కువగా పదో స్థాయిలో ఉంటాయి. అంటే దాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే, తెరమీద వందల అలర్టులు పేరుకుంటాయి గానీ మీరు కోరుకునే ఆ ఒక్క ఈమెయిల్ రాదు. ఈ సంగతి తెలుసుకుని సరిచేసే ఓపిక, లినక్స్ మీద చేయి తిరిగిన మనిషి ఉన్న సంస్థకే ఈ దారి లాభం. లేనిచోట ఇది ఉచితంగా వచ్చిన భారం.

సర్వర్ ఒకటో రెండో మాత్రమే లినక్స్ మీద ఉన్నవారికి ఇంత పెద్ద ఏర్పాటు కూడా అక్కరలేదు. ఉబుంటులోని అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాచ్‌లను చూసుకుంటుంది. ఫెయిల్‌టుబ్యాన్ తప్పు పాస్‌వర్డులను చూసుకుంటుంది. మొదట ఉన్న అమరికలో అది పది నిమిషాలలో అయిదుసార్లు తప్పితే పది నిమిషాలు మాత్రమే అడ్డుకుంటుంది కాబట్టి ఆ గడువును ఒక రోజుకు పెంచుకోండి, మీ కార్యాలయం చిరునామాను మినహాయింపు జాబితాలో చేర్చడం మాత్రం మరవకండి.

## నాలుగో దారి: బయటి సంస్థకు అప్పగించడం

రాత్రి రెండింటికి వచ్చిన అలర్ట్‌ను చదివే మనిషి ఈ దారిలో మాత్రమే దొరుకుతారు. పండుగ సెలవులు, వారాంతాలు చూసుకుని రాన్సమ్‌వేర్ ముఠాలు దాడి చేస్తాయి కాబట్టి దీని విలువ తక్కువేమీ కాదు. రోగుల సమాచారం ఉన్న ఆసుపత్రులు, విదేశీ కొనుగోలుదారులతో ఒప్పందాలు ఉన్న ఎగుమతిదారులు దీన్ని తీవ్రంగా పరిశీలించాలి.

అయితే వారి చేతికి మీ అన్ని కంప్యూటర్ల తాళాలు ఇస్తున్నారని గుర్తుంచుకోండి. 2021 జూలైలో కసేయా అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని రెవిల్ ముఠా దాడి చేసినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్ వాడే సేవా సంస్థల ద్వారా 1,500 దాకా చిన్న వ్యాపారాలు నష్టపోయాయి. ఆ వ్యాపారాలలో చాలా వాటికి కసేయా పేరు కూడా తెలిసి ఉండదు.

## అయిదో దారి: సొంత స్క్రిప్టులు, వర్క్‌ఫ్లోలు

ఎన్‌8ఎన్, షఫుల్ వంటి సాధనాలతో ఒక సంఘటనకు ఒక చర్యను ముడిపెట్టవచ్చు. ఇందులో అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది భద్రతా సాధనంలా కనిపించని ఒక పని: ఉద్యోగి మానేసిన రోజునే ఈమెయిల్, వీపీఎన్ (కార్యాలయ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వచ్చే రక్షిత దారి), టాలీ, వాట్సాప్ బిజినెస్, క్లౌడ్ డ్రైవు ఖాతాలన్నీ మూతపడేలా చూడడం. హెచ్ఆర్ షీటులో ఆఖరి పని తేదీ నింపగానే అన్నీ మూసి, మూయలేనివాటి జాబితాను మేనేజరుకు పంపే చిన్న వర్క్‌ఫ్లో, ఖరీదైన సాఫ్ట్‌వేర్ చేయలేని మేలు చేస్తుంది.

వెబ్‌సైట్ అసలైనదని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్ల పునరుద్ధరణ కూడా చేత్తో చేసే కాలం అయిపోతోంది. వాటి గరిష్ఠ కాలపరిమితి 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గేలా నిర్ణయం జరిగింది. వాటిని తనంతట తానే పునరుద్ధరించే సర్ట్‌బాట్ వంటి దాన్ని ఇప్పుడే అమర్చుకుంటే ఈ దిగులు ఉండదు.

ఈ దారికున్న ప్రమాదం, రాసిన మనిషి వెళ్లిపోతే స్క్రిప్టు ఏం చేస్తోందో ఎవరికీ తెలియకపోవడం. పాస్‌వర్డులు స్క్రిప్టులోనే రాసి ఉంచడం ఇంకా పెద్ద ప్రమాదం. రెండో మనిషి చదివి అర్థం చేసుకోలేని స్క్రిప్టును వాడుకలోకి తేకండి.

| దారి | వారానికి మనిషి సమయం | ఖర్చు | పొరబడితే వెనక్కి | 180 రోజుల లాగ్‌లు |
|---|---|---|---|---|
| చేతిలో ఉన్నవి | యంత్రాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది | దాదాపు లేదు | తేలిక | విడిగా ఏర్పాటు కావాలి |
| చందా సేవ | ఒకటి రెండు గంటలు | ప్రతి మనిషికీ, ప్రతి నెలా | తేలికే, అధికారాలు ముందే విడదీస్తే | ఒప్పందాన్ని బట్టి, అడిగి తెలుసుకోవాలి |
| వాజూ వంటివి | మొదటి నెలల్లో చాలా ఎక్కువ | యంత్రం, మనిషి జీతం | అమర్చినవారి నేర్పును బట్టి | డిస్కు ఉంటే సులువు |
| బయటి సంస్థ | తక్కువ, కానీ ఫోన్ ఎత్తాలి | అన్నిటికన్నా ఎక్కువ | వారి మీద ఆధారపడాలి | ఒప్పందంలో రాయించాలి |
| సొంత స్క్రిప్టులు | రాసేటప్పుడు ఎక్కువ | తక్కువ | రాసిన తీరును బట్టి | సంబంధం లేదు |

## ఎవరికి ఏది

పది పన్నెండు కంప్యూటర్ల కస్టమ్స్ బ్రోకర్, చార్టర్డ్ అకౌంటెంట్, చిన్న వర్క్‌షాపు యజమాని మొదటి దారితో ఆగవచ్చు. బ్యాకప్‌ను పైన చెప్పినట్టు అమర్చి, రిమోట్ డెస్క్‌టాప్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించి వీపీఎన్ వెనక్కి చేరిస్తే ఆటోమేటిక్ దాడులలో పెద్ద భాగం తప్పిపోతుంది. లాగ్‌ల కోసం రౌటర్, సర్వర్ లాగ్‌లను ఒక పాత కంప్యూటర్‌కు పంపి నిలవ చేస్తే చాలు.

డయాగ్నస్టిక్ సెంటర్ల పరిస్థితి వేరు, కాస్త ఓపికగా చూడవలసినది. రక్త పరీక్షల యంత్రాలకు కలిపి ఉన్న కంప్యూటర్లు చాలాచోట్ల పాత విండోస్ మీదే నడుస్తాయి. అప్‌డేట్ చేస్తే యంత్రం ఆగిపోతుందని కంపెనీ ఇంజనీరు ముందే హెచ్చరించి వెళ్తారు. ఇక్కడ ప్యాచ్ ఆటోమేషన్ పనికిరాదు. ఆ కంప్యూటర్లను రిసెప్షన్, వైఫై ఉన్న నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఒకే ఒక్క సర్వర్‌తో మాత్రమే మాట్లాడేలా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయాలి, వాటి నుంచి ఇంటర్నెట్‌ను పూర్తిగా తీసేయాలి. మిగిలిన కంప్యూటర్లకు చందా సేవ, లాగ్‌లకు ఏడాది నిలవ. రాత్రి కూడా పనిచేసే కేంద్రమైతే బయటి సంస్థ గురించి ఆలోచించాలి.

రొయ్యల ఎగుమతిదారులకు రాన్సమ్‌వేర్ కన్నా పెద్ద గండం ఈమెయిల్ మోసం. కొనుగోలుదారు ఈమెయిల్ సంభాషణలోకి చొరబడినవాడు, ఇన్‌వాయిస్ వెళ్లే సమయం చూసి "మా బ్యాంకు ఖాతా మారింది" అని మీ పేరుతో వారికి రాస్తాడు. ఈమెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందో లేదో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లను మీ డొమైన్‌కు అమర్చి, డీమార్క్‌ను నిరాకరణ స్థాయికి తెస్తే మీ చిరునామాను అచ్చంగా వాడి పంపే నకిలీలు చాలావరకు ఆగుతాయి. ఈమెయిల్ ఖాతాలో కొత్త ఫార్వర్డింగ్ నియమం పడగానే అలర్ట్ వచ్చేలా పెట్టండి; చొరబడినవాడు మొదట చేసే పనులలో అదొకటి. అయినా ఒక అక్షరం తేడాతో కొన్న డొమైన్ నుంచి వచ్చే మోసాన్ని ఇవేవీ ఆపవు. బ్యాంకు ఖాతా మారిందన్న ఈమెయిల్ ఎవరికి వచ్చినా, ముందునుంచి తమ దగ్గరున్న నంబరుకు తామే ఫోన్ చేసి నిర్ధారించుకోవాలని కొనుగోలుదారుతో ముందే అనుకోండి. ఈ ఒక్క పనిని యంత్రానికి అప్పగించకండి. మన దేశపు ఖాతాకు డబ్బు వెళ్లిపోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

రుషికొండ, మధురవాడ కొండల మీది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలకు చేయి తిరిగిన మనుషులు ఉంటారు. వారికి మూడో దారి, అయిదో దారి కలిపి సరిపోతాయి. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో, లోపాలున్న పాత భాగాలను చూపే డిపెండాబాట్ ఆన్ చేయడం, కోడ్‌లో పాస్‌వర్డులు చేరకుండా గిట్‌లీక్స్ పెట్టడం మొదటి వారంలోనే చేయాలి. లోపాల జాబితా వందల్లో వస్తే కంగారు పడనవసరం లేదు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) ఉచితంగా ప్రచురించే, నిజంగా దాడులలో వాడుతున్న లోపాల పట్టికతో సరిపోల్చి, అందులో ఉన్నవాటిని ముందు సరిచేసేలా ఒక స్క్రిప్టు రాసుకోవచ్చు. కోచింగ్ సంస్థలకు మొదటి దారితో పాటు ఖాతాలు మూసే వర్క్‌ఫ్లో ఒక్కటి చాలు, ఎందుకంటే అక్కడ అధ్యాపకులు, కౌన్సిలర్లు ఏటా మారుతుంటారు, విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితాకు పోటీ సంస్థలలో గిరాకీ ఉంటుంది.

## సంతకం పెట్టే ముందు అడగవలసినవి

చందా సేవకైనా, బయటి సంస్థకైనా ఒప్పుకునే ముందు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. లాగ్‌లు ఎన్ని రోజులు ఉంటాయి, ఏ దేశంలో ఉంటాయి, సేవ మానేసిన రోజున అవి మా చేతికి ఏ రూపంలో వస్తాయి? నెట్ తెగిపోయినప్పుడు ఏజెంట్ ఏ పనులు చేస్తుంది, ఏవి మానేస్తుంది? ఒక కంప్యూటర్‌ను పొరపాటున వేరుచేస్తే ఆదివారం నాడు ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపట్లో తిరిగి కలుపుతారు? మా నెట్‌వర్క్‌లోకి వచ్చే మీ ఉద్యోగులకు రెండంచెల ధృవీకరణ ఉందా, వారిలో ఎవరైనా మానేస్తే మాకు చెబుతారా? సెర్ట్-ఇన్‌కు 6 గంటలలో తెలియజేయవలసిన నివేదికను ఎవరు రాస్తారు, ఎవరు పంపుతారు, ఆ గడియారం మీరు గుర్తించినప్పటి నుంచి మొదలవుతుందా, మాకు చెప్పినప్పటి నుంచా?